నీలంగా ఉంటే చాలదు బావా!

ముందే ఒప్పేసుకుంటున్నా, నాకు ఈత రాదు. పుట్టింది కోనసీమలోనే అయినా, కాలవలో దిగనిచ్చే వయసు వచ్చేసరికి నన్ను తీసుకెళ్ళి విజయవాడ హాస్టల్లో పడేశారు. అక్కడ ఎంసెట్‌లో మునగడమే తప్ప తేలడం ఎవరూ నేర్పలేదు. అలాంటి నాకు, గత మూడేళ్ళుగా న్యూజెర్సీలో మా అక్కావాళ్ళింటి స్విమ్మింగ్ పూల్ తెరిచే డ్యూటీ పడుతోంది. పెద్ద కారణమేం లేదు, దగ్గర్లో ఉన్న పెళ్ళికాని బామ్మర్దిని నేనొక్కడినే.

ఇక్కడి చలికి నీళ్ళు గడ్డకట్టి పైపులు పగిలిపోతాయి కాబట్టి, చలికాలం రాకముందే వాటిని ఖాళీ చేసి, బిరడాలు బిగించి, పూల్ మీద కవర్ కప్పేస్తారు. మే నెలలో ఇదంతా తిరగేసి చెయ్యాలి. కవర్ మీద నిలిచిన ఆకులూ నీళ్ళూ ముందు తోడెయ్యాలి. ఆ మురుగు లోపలికి ఒలికిందా, పని రెట్టింపు. కవర్ తీసేసరికి ఈసారి అడుగు కనపడనంత పచ్చటి పాచి. మనకి ఆఫీసులో గ్రీన్ అంటే పాస్, ఇక్కడ గ్రీన్ అంటే ఫెయిల్! గోడలు బ్రష్షుతో తోమి, ఎండకి క్లోరిన్ విరిగిపోతుంది కాబట్టి పొద్దు వాలాక మోతాదు పెంచి వేసి, రాత్రీ పగలూ ఫిల్టర్ తిప్పితే నాలుగైదు రోజులకి నీలం తేలింది.

గొడవంతా అక్కడే మొదలైంది.

మెమోరియల్ డే అంటే మే ఆఖరి సోమవారం. అమెరికాలో చాలా పూల్స్ ఆ వారాంతానికే తెరుస్తారు. మా బావ శనివారం మధ్యాహ్నానికి పదిహేను కుటుంబాల్ని పిలిచేశాడు. పొద్దున్నే నీళ్ళు టెస్ట్ చేస్తే క్లోరిన్ బాగానే ఉంది, పీహెచ్ మాత్రం 8 చూపించింది. "అద్దంలా ఉన్నాయి కదరా నీళ్ళు, ఇంకేంటి నీ గోల?" అన్నాడు బావ.

గోల ఏంటంటే, క్లోరిన్ వేశామన్నది ఒకటి, అది పని చేస్తోందా అన్నది ఇంకొకటి. పీహెచ్ 7.5 దగ్గర అందులో దాదాపు సగం, క్రిముల్ని గట్టిగా చంపే రూపంలో ఉంటుంది. 8కి వచ్చేసరికి అది పావు వంతుకి పడిపోతుంది. సీడీసీ వాళ్ళు పీహెచ్ 7 నుంచి 7.8 మధ్య ఉంచమనేది ఊరికే కాదు. సర్వీస్ రన్ అవుతోంది కదా అని రిక్వెస్టులకి జవాబొస్తోందో లేదో చూడకుండా రిలీజ్ చేసినట్టు ఉంటుంది ఇది.

సరే, దానికి లెక్క ప్రకారం యాసిడ్ వేసి కొన్ని గంటలాగితే సరిపోతుంది. నన్ను భయపెట్టింది నీళ్ళు కాదు, గేటు. పూల్ చుట్టూ ఉన్న కంచె గేటు దానంతటదే మూసుకుని గడియ పడాలి. చలికాలంలో స్తంభం కాస్త ఒరిగినట్టుంది, వదిలేస్తే వేలెడు దూరంలో ఆగిపోతోంది. "ప్రస్తుతానికి తాడు కట్టెయ్, పార్టీ అయ్యాక చూద్దాం" అన్నాడు బావ. మా మేనకోడలికి మూడేళ్ళు.

అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల మరణాలకి మొదటి కారణం నీళ్ళలో మునగడమే. సినిమాల్లోలా కేకలూ, చేతులు ఊపడాలూ ఉండవు, చాలాసార్లు చప్పుడే ఉండదు. మన పార్టీలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ముప్పైమంది పెద్దవాళ్ళు, ఒక పక్క బిర్యానీ, ఒక పక్క వీసాల కబుర్లు, పిల్లల్ని ఎవరో ఒకరు చూస్తున్నార్లే అని అందరి ధీమా. పైగా ఆ ముప్పైమందిలో ఈత వచ్చినవాళ్ళు ఎంతమందని అడిగితే నాలుగు చేతులు లేచాయి. గాలి ఊదిన ఆ రెక్కలు పిల్లల చేతులకి తగిలించేసి నిశ్చింతగా ఉండేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అవి బొమ్మలండీ, ప్రాణం కాపాడేవి కావు.

అడుగున ఉండే డ్రైన్ మూత సంగతీ అంతే. 2002లో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ళ పిల్ల, హాట్ టబ్ డ్రైన్ లాగేసే ఒత్తిడికి అతుక్కుపోయి చనిపోయింది. 2007లో ఆ అమ్మాయి పేరుతోనే చట్టం చేశారు. పబ్లిక్ పూల్స్‌లో సురక్షితమైన మూతలు తప్పనిసరి చేసింది ఆ చట్టమే. ఇంట్లో పూల్‌కి తనిఖీకొచ్చేవాడు లేడు, మనమే చూసుకోవాలి. అడుగు కనపడనంత పాచి ఉంటే మూత ఊడిందో లేదో ఎలా తెలుస్తుంది? మునిగిన పిల్లాడే కనపడడు.

మా ఆఫీసులో డేట్ ఇచ్చేశాం కాబట్టి రిలీజ్ చేసేద్దాం అంటే నేనూ చాలాసార్లు తలూపాను. తెల్లారి హాట్‌ఫిక్స్ వేసుకోవచ్చని ధైర్యం. ఇక్కడ ఆ ధైర్యం నాకు లేదు, బావ చిన్నబుచ్చుకున్నా సరే. చివరికి అక్క వచ్చి, ఏమీ మాట్లాడకుండా గేటుకి సైకిల్ చైన్ చుట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది. పార్టీ పెరట్లో కంచెకి ఇవతలే జరిగింది. పిల్లలు కాసేపు ఏడ్చి, గొట్టంతో నీళ్ళు చల్లుకుంటూ మర్చిపోయారు.

ఆదివారం స్తంభం సరిచేసి కొత్త గడియ వేశాం. సోమవారం పీహెచ్ 7.4. గట్టున ఈత వచ్చిన ఇద్దర్ని, ఫోన్లు లాక్కుని మరీ, అరగంటకొకరు చొప్పున కాపలా కూర్చోబెట్టి పిల్లల్ని దింపాం. "మా బామ్మర్ది నా పార్టీ తగలేశాడు" అని బావ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నాడు. చెప్పుకోనివ్వండి.

అన్నట్టు, నేను ఈత క్లాసులో చేరాను. నా బ్యాచ్‌మేట్‌కి ఆరేళ్ళు, నాకంటే బాగా తేలుతున్నాడు.