దేవుని తరఫున కేసు వేయాలనుకునే సహోదరులకు



కొన్నాళ్లుగా వికారాబాద్ నుండి తాండూరు దాకా మన సంఘాల్లో ఒక మాట తిరుగుతోంది. "అయ్యప్ప స్వాములు చేసి చూపించారు కదా, మనమెందుకు చేయకూడదు?" అని. యవ్వనస్థులు అంటున్నారు, కొందరు సేవకులు కూడా అంటున్నారు. మెత్తగా ఒక మాట చెప్పి ఊరుకుంటే సరిపోదని ఈ వారం ధ్యానము దీని మీదనే రాస్తున్నాము.

వాళ్ళు చెప్పేది ఏ సంగతో తెలియనివారి కోసం. 2022 డిసెంబరులో మన జిల్లాలోనే, కొడంగల్ ప్రాంతంలో జరిగిన ఒక సభలో నాస్తిక సంఘ నాయకుడు బైరి నరేష్ అయ్యప్ప స్వామి పుట్టుక గురించి హేళనగా మాట్లాడారు. ఆ వీడియో ఫోన్లలో పాకింది. మాల వేసుకున్న స్వాములు ఊరూరా రోడ్ల మీదికి వచ్చారు. నెలాఖరుకు పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. బెయిలు మీద బయటికి వచ్చాక, 2023 ఫిబ్రవరిలో హనుమకొండలో, పోలీసు వాహనంలో కూర్చొని ఉండగానే కొందరు ఆయన మీద పడి కొట్టారు.

ఆయన మాటలు మాకు నచ్చలేదు. 41 రోజులు నేల మీద పడుకొని, చన్నీళ్ల స్నానం చేసి, చెప్పులు లేకుండా తిరిగే స్వామి మన పక్కింటివాడే, మన పొలం పక్క రైతే. అతని భక్తిని వెక్కిరించి చప్పట్లు కొట్టించుకోవడం గొప్ప ధైర్యమేమీ కాదు. నొచ్చుకునే హక్కు, నిరసన తెలిపే హక్కు ఆ స్వామికి పూర్తిగా ఉన్నాయి. కాని పోలీసు బండిలో ఉన్న మనిషిని కొట్టడం ఏ దీక్షలో భాగం? అంతకంటే మమ్మల్ని కలవరపెట్టింది, దాన్ని చూసి మనవాళ్ళు అసూయపడటం.

మనవాళ్ళ బాధ మాకు తెలియనిది కాదు. కన్య మరియమ్మను గూర్చి, ప్రభువు పుట్టుకను గూర్చి నోటికొచ్చినట్టు మాట్లాడే వీడియోలు వాట్సాప్‌లో మాకూ వస్తాయి. ప్రభువు బల్లను వెక్కిరిస్తూ, స్వస్థత సాక్ష్యాలు చెప్పే పేదవాళ్ళను నటించి చూపిస్తూ నవ్వించేవాళ్ళు ఉన్నారు. మనసు కాలుతుంది. అలాంటి ఒక వీడియో మీద పోలీసులకు ఇవ్వాలని మన ప్రాంత సేవకుల మధ్య ఒక వినతిపత్రం తిరిగింది. పాత 295ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ కింద కేసు పెట్టాలని, పెట్టకపోతే తాండూరులో రాస్తారోకో చేస్తామని అందులో ఉంది. మేము సంతకం పెట్టలేదు. ఎందుకో అడిగినవారు అడిగారు, అడగకుండా మొహం తిప్పుకున్నవారు తిప్పుకున్నారు. ఇద్దరికీ ఇదే జవాబు.

మొదట ఆ చట్టం ఎక్కడ పుట్టిందో చూడండి. 1924లో లాహోరులో ముస్లింల ప్రవక్తను కించపరుస్తూ ఒక పుస్తకం వచ్చింది. దాన్ని ప్రచురించిన రాజ్‌పాల్‌ను శిక్షించడానికి అప్పటి చట్టంలో చోటు లేదని 1927లో హైకోర్టు వదిలేసింది. పెద్ద గొడవ లేచింది. ఆ గొడవను చల్లార్చడానికి బ్రిటిషు ప్రభుత్వం అదే ఏడాది 295ఎ తెచ్చింది. చల్లారిందా? 1929లో ఒక యువకుడు రాజ్‌పాల్‌ను ఆయన దుకాణంలోనే పొడిచి చంపాడు. చట్టం చేతికి అందినా కత్తి ఆగలేదు.

అదే శిక్షాస్మృతి దేశ విభజన తర్వాత అటు పాకిస్తానుకూ వెళ్లింది. అక్కడ 1980లలో దానికి మరిన్ని సెక్షన్లు తగిలించి, చివరికి దైవదూషణకు మరణశిక్ష దాకా తెచ్చారు. ఎవరి మెడకు చుట్టుకుంది? ఆసియా బీబీ అనే క్రైస్తవ కూలి తల్లికి. 2009లో పొలంలో పండ్లు ఏరుతుండగా ఆమె ముట్టిన నీళ్లు తాగమని తోటి కూలీలు అన్నారు, మాటా మాటా పెరిగింది. మన తెలంగాణ పల్లెల్లో హోటలు ముందు రెండు గ్లాసుల పద్ధతి చూసినవారికి ఈ గొడవ విడమరచి చెప్పనక్కరలేదు. కుల గర్వం మీద పుట్టిన జగడం దైవదూషణ కేసు అయింది. 2010లో మరణశిక్ష వేశారు. సుప్రీంకోర్టు ఆమెను నిర్దోషి అని వదిలేసరికి 2018 అక్టోబరు వచ్చింది. ఈలోగా ఆమె పక్షాన మాట్లాడిన పంజాబ్ గవర్నరు సల్మాన్ తసీర్‌ను ఆయన అంగరక్షకుడే కాల్చాడు. మంత్రి షాబాజ్ భట్టీ, మన విశ్వాసి, అదే 2011లో హతమయ్యాడు. 2023 ఆగస్టులో జరాన్‌వాలా పట్టణంలో ఒక ఆరోపణ మీద గుంపులు బయలుదేరి చర్చీలను, విశ్వాసుల ఇండ్లను తగులబెట్టాయి.

అది పాకిస్తాను కదా అంటారేమో. సరే, పరిశుద్ధ గ్రంథంలోకి రండి. 1 రాజులు 21వ అధ్యాయము. అహాబు రాజుకు నాబోతు ద్రాక్షతోట కావాలి. పితరుల స్వాస్థ్యమని నాబోతు ఇయ్యనన్నాడు. యెజెబెలు ఏం చేసింది? సైన్యాన్ని పంపలేదు. ఉపవాస దినము చాటించింది! ఇద్దరు పనికిమాలినవాళ్ళను సాక్షులుగా నిలబెట్టి, ఇతడు దేవునిని దూషించాడని చెప్పించింది. ఊరి పెద్దలే అతనిని బయటికి తీసుకొనిపోయి రాళ్లతో కొట్టి చంపారు. తోట రాజుకు వెళ్లింది. దేవుని గౌరవము కొరకు ఎంత భక్తిగా జరిగిన భూకబ్జా! ఎకరం లక్షల్లో పలికే ఈ రోజుల్లో, ప్రార్థనా మందిరం ఉన్న స్థలం మీద ఎవరి కన్ను ఉందో తెలియని ఊళ్లలో ఉంటూ, మనమే ఈ చట్టాన్ని పదును పెట్టమని అడగాలా?

ఇంకొంచెం లోతుగా ఆలోచించండి. మనము ప్రకటించే సువార్త ఎవరినీ నొప్పించనిదా? క్రీస్తు తప్ప వేరొక రక్షకుడు లేడని మనం అంటాము. ఆ ఒక్క మాట చాలు, ఎదుటివాని మనోభావాలు గాయపడ్డాయని ఎఫ్‌ఐఆర్ రాయించుకోవడానికి. సిలువ యూదులకు ఆటంకముగాను, గ్రీసు దేశస్థులకు వెఱ్ఱితనముగాను ఉందని పౌలు దాచకుండానే రాశాడు (1 కొరింథీ. 1). సుప్రీంకోర్టు 1957లో 295ఎను నిలబెడుతూ, బుద్ధిపూర్వకంగా, ద్వేషంతో చేసిన అవమానానికే అది వర్తిస్తుందని హద్దు గీసింది. ఆ హద్దు కోర్టులో ఎప్పటికో తేలుతుంది. స్టేషను ముందు వందమంది గుమిగూడిన రాత్రి ఆ తీర్పు ఎవరు చదువుతారు? సంఖ్యాబలం ఉన్నవారికి ఈ సెక్షన్ ఆయుధం. నలభై కుటుంబాల సంఘానికి అది తల మీద వేలాడే కత్తి.

ఇక మనలోనే కొందరు బోధకుల సంగతి. మైకు దొరికితే చాలు, పొరుగువారి దేవుళ్లను రాళ్లని, బొమ్మలని ఎగతాళి చేస్తారు. విగ్రహాలను తన్నానని చెప్పుకున్న వీడియో మీద 2021 జనవరిలో కాకినాడ పాస్టరు ఒకరిని సిఐడి అరెస్టు చేసింది. అలా మాట్లాడేవాళ్ళే తమను ఎవరైనా ఒక మాటంటే సెక్షన్ల నంబర్లు వల్లిస్తారు. ఇదేం న్యాయం?

2006 కూడా గుర్తు చేయాలి. "ద డావిన్సీ కోడ్" సినిమాకు సెన్సారు బోర్డు సర్టిఫికెట్ ఇచ్చింది. క్రైస్తవ, ముస్లిం సంస్థలు అభ్యంతరం చెప్పాయి. శాంతిభద్రతల పేరు చెప్పి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. కొద్ది వారాల్లోనే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. సినిమా వచ్చింది, పోయింది. దాని వలన మన జిల్లాలో ఒక్క ఆరాధన ఆగిందా? ఒక్క బాప్తిస్మము తగ్గిందా? నిరసనలు జరుగుతాయన్న బెదిరింపుకు లొంగి భావప్రకటనను అణచకూడదని, శాంతిభద్రతలు కాపాడటం ప్రభుత్వం పని అని సుప్రీంకోర్టు 1989లోనే రంగరాజన్ కేసులో చెప్పింది. ఈ మాట రేపు మన కూడికను ఆపమని గుంపు వచ్చినప్పుడు మనకే కావాలి.

కేరళ సంగతి చెప్పాలంటే సిగ్గు వేస్తుంది. తొడుపుళలో టి.జె. జోసెఫ్ అనే క్రైస్తవ ప్రొఫెసరు, పరీక్ష పేపరులో ఇచ్చిన ఒక ప్రశ్న ప్రవక్తను అవమానించిందని 2010 జూలైలో కొందరు దారికాచి ఆయన కుడిచేయి నరికారు. ఆ దుర్మార్గులకు కోర్టు శిక్షలు వేసింది. కాని ఆ దాడి తర్వాత ఆయనను ఉద్యోగంలోనుండి తీసేసింది సంఘం నడిపే కాలేజీయే. కుటుంబం కుంగిపోయింది, 2014లో ఆయన భార్య ప్రాణం తీసుకుంది. గాయపడినవానిని చూసి పక్కగా పోయిన యాజకుని ఉపమానము ప్రతి ఆదివారపు బడిలో చెప్తాము కదా.

"అయితే ఎవరేమన్నా నోరుమూసుకోవాలా అయ్యగారూ?" అని ఒక తమ్ముడు అడిగాడు. లేదు తమ్ముడా. రెండు సంగతులు వేరుచేసి చూడు. ఒకడు మన దేవుణ్ణి తిట్టాడు. ఇంకొకడు "ఈ ఊళ్లో క్రైస్తవులను తరిమికొట్టండి" అన్నాడు. రెండవవాని మీద తప్పక పోలీసుల దగ్గరకు వెళ్దాము, కోర్టుకు వెళ్దాము, మేమే ముందు నడుస్తాము. పౌలు ఫిలిప్పీలో తన రోమా పౌరసత్వాన్ని గట్టిగానే వాడుకున్నాడు, కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు. అది మనుష్యుల ప్రాణానికి సంబంధించినది. మొదటివానికి మాత్రం జవాబు మాటతోనే ఇవ్వాలి. మరియమ్మను గూర్చి హేళన చేస్తే లూకా మొదటి అధ్యాయము తీసి కూర్చోబెట్టి చెప్పు. వినకపోతే నీ పని అయిపోయింది.

దేవుని పరువుకు మనం కావలి కాయాలా? గిద్యోను రాత్రివేళ బయలు బలిపీఠాన్ని పడగొడితే తెల్లారి ఊరంతా అతన్ని చంపాలని వచ్చింది. ఆ బలిపీఠం ఎవరిదో గుర్తుందా? అతని తండ్రి యోవాషుది. నష్టపోయినవాడే గుంపుకు ఎదురు నిలబడి, బయలు నిజంగా దేవుడైతే తన వ్యాజ్యెము తానే చూసుకుంటాడులే అన్నాడు (న్యాయాధి. 6). బయలు బలిపీఠం గలవానికి వచ్చిన ఆ తెలివి జీవముగల దేవుని బిడ్డలకు రావద్దా? ఇంకొకటి మరువకండి. మన ప్రభువు మీద కయప సభలో మోపిన నేరము దైవదూషణే. ప్రధాన యాజకుడు వస్త్రము చింపుకున్నది మనోభావాలు గాయపడ్డాయనే. స్తెఫను మీద మోపినదీ అదే. రాళ్లు పట్టుకున్న గుంపులో నిలబడటానికి మనకు వాక్యములో ఎక్కడా చోటు దొరకదు.

ఎఫెసులో కూడా అంతే (అపొ.కా. 19). దేమేత్రి అనే కంసాలికి వ్యాపారం దెబ్బతింటున్నదన్న భయం, పైకి మాత్రం దేవత గౌరవం. రెండు గంటలు ఒకే నినాదం. ఎందుకు కూడామో చాలామందికి తెలియనే తెలియదని లూకా రాశాడు. చివరికి వాళ్లను శాంతపరచినది పౌలు కాదు, ఊరి కరణము. న్యాయసభలు తెరిచే ఉన్నాయి, పోయి వ్యాజ్యెమాడుకోండి అని ఇంటికి పంపాడు. అతడు విశ్వాసి కాడు. అతని వలననే ఆ రోజు మన విశ్వాసులు బ్రతికారు.

ఏటా నవంబరులో ధారూరు అడవిలో మెథడిస్టు జాతర జరుగుతుంది. మైకులో పాటలు, వాక్యము, వేలాది జనం. అది మాలలు వేసే కాలం కూడా. తాండూరు బస్సులో నల్లబట్టల స్వామి పక్కన బైబిలు సంచితో మన అక్క కూర్చొని ఉంటుంది, కిటికీ దగ్గర బురఖాలో ఒక తల్లి. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. రాస్తారోకో చేస్తే మనం ఆపేది ఆ బస్సునే.

ఈ శుక్రవారం ఉపవాస కూడికలో బైరి నరేష్ కొరకు, ఆయనను కొట్టినవారి కొరకు పేరుపెట్టి ప్రార్థన చేస్తాము. మనసొప్పనివారు ఆ పది నిమిషాలు వర్షాల కొరకు, కంది పంట కొరకు ప్రార్థించుకోవచ్చు.