పదకొండు శాతం సుంకం, పెద్దారవీడు పత్తి

పశ్చిమ ప్రకాశంలోని పెద్దారవీడు, మార్కాపురం, త్రిపురాంతకం మండలాల మెట్ట పొలాల్లో మిర్చి, కందులతో పాటు వానను నమ్ముకొని పండే పత్తికి ధర కట్టే శక్తులలో వాన, పురుగు, దళారులతో సమానంగా ఢిల్లీ, వాషింగ్టన్‌ల మధ్య సాగే సుంకాల బేరం కూడా చేరిందని 2025 పత్తి సీజన్ తేటతెల్లం చేసింది. ఆ ఏడాది ఆగస్టు 19 నుంచి సెప్టెంబర్ 30 వరకు విదేశీ పత్తిపై దిగుమతి సుంకాన్ని పూర్తిగా ఎత్తివేసిన కేంద్ర ప్రభుత్వం, పది రోజులు తిరగకముందే ఆ గడువును డిసెంబర్ 31 దాకా పొడిగించింది. మొదటి ఉత్తర్వు వల్ల రైతుకు పెద్దగా ఒరిగేది గాని పోయేది గాని లేదు, ఎందుకంటే అప్పటికి చేలో కాయ ఇంకా పగలలేదు. పొడిగింపు మాత్రం పత్తి తీతలు మొదలై, సరుకు జిన్నింగ్ మిల్లులకు చేరే మూడు నెలలను సరిగ్గా కమ్మేసింది.

రద్దయిన సుంకం మొత్తం 11 శాతం. 2021-22 కేంద్ర బడ్జెట్‌లో విధించిన ఈ భారంలో 5 శాతం మూల కస్టమ్స్ సుంకం, మరో 5 శాతం వ్యవసాయ మౌలిక వసతుల, అభివృద్ధి సెస్సు. ఈ రెండింటి మొత్తంపై పదో వంతు చొప్పున వేసే సాంఘిక సంక్షేమ సర్‌చార్జి మిగిలిన ఒక శాతం. రైతు కోసమని పెట్టిన సుంకంలో దాదాపు సగం వ్యవసాయ సెస్సు పేరుతోనే ఉండడం, దాన్ని ఎత్తివేయడానికి మాత్రం వస్త్ర పరిశ్రమ అవసరమే కారణం కావడం గమనించదగినది.

పరిశ్రమ అవసరాన్ని కొట్టిపారేయడానికి వీలులేదు. అమెరికా 2025 ఆగస్టు 7 నుంచి భారత సరుకులపై 25 శాతం, రష్యా చమురు కొంటున్నారన్న కారణంతో ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం అదనపు సుంకం వేసినప్పుడు, అదే మార్కెట్‌లో పోటీపడే బంగ్లాదేశ్, వియత్నాం సరుకులపై ఆ అదనపు భారం 20 శాతమే. భారత వస్త్రాలకు అమెరికాయే అతిపెద్ద కొనుగోలుదారు కాబట్టి, తిరుప్పూరు దుస్తుల తయారీదారులు మొదలు గుంటూరు ప్రాంతపు నూలు మిల్లుల దాకా అందరూ కనీసం ముడిసరుకునైనా ప్రపంచ ధరకు ఇప్పించమని అడిగారు. దానికి తోడు 2013-14లో 398 లక్షల బేళ్ల దాకా వెళ్లిన దేశీయ ఉత్పత్తి (బేలు అంటే ఇక్కడ 170 కిలోల దూది) పదేళ్లలో 300 లక్షల దరికి పడిపోయింది. మిల్లుకు నాణ్యమైన దూది చాలడం లేదన్న మాట వట్టి సాకు కాదు.

అయితే ఆ ఊరట ఖర్చు ఎవరి మీద పడిందన్నదే అసలు ప్రశ్న. వ్యాపారులు దూదిని క్యాండీల లెక్కన, అంటే 356 కిలోల చొప్పున బేరమాడతారు. క్యాండీ రూ.50 వేలకు దిగుమతి అయ్యే దూదిపై 11 శాతం అంటే రూ.5,500. గింజ తీయగా మూడో వంతుకు కాస్త పైగా దూది వస్తుందనుకుంటే ఒక క్యాండీకి సుమారు పదిన్నర క్వింటాళ్ల పత్తి కావాలి. ఆ లెక్కన సుంకం పోవడం వల్ల దేశీయ పత్తి ధరపై పడగల ఒత్తిడి గరిష్ఠంగా క్వింటాకు రూ.520 దాకా ఉంటుంది. ఎకరాకు ఆరు క్వింటాళ్లు తీసే మెట్ట రైతుకు అది మూడు వేల పైమాట, పత్తి తీత కూలిలో చెప్పుకోదగ్గ భాగం. ఈ మొత్తమంతా రైతు మీదే పడుతుందని చెప్పలేం, దిగుమతి రవాణా ఖర్చులు, నాణ్యత తేడాలు కొంత అడ్డుపడతాయి; కాని మార్కెట్ ఏ దిక్కుకు వంగుతుందన్న దానిలో సందేహం లేదు. సుంకం ఎత్తేసిన వెంటనే భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ, తన నిల్వల అమ్మకపు ధరను తగ్గించింది.

దీనికి ప్రభుత్వం ఇచ్చే సమాధానం మద్దతు ధర. 2025-26కు పొడవు పింజ పత్తికి క్వింటాకు రూ.8,110, మధ్యస్థ పింజకు రూ.7,710 నిర్ణయించారు, బయట ధర ఎంత పడినా సీసీఐ ఆ రేటుకు కొంటుంది కాబట్టి సుంకంతో రైతుకు నష్టం లేదన్నది వాదన. కాగితం మీద అది నిజమే. కాని ఆ ధర తేమ 8 శాతంలోపు ఉన్న పత్తికి మాత్రమే. ఆపై 12 శాతం దాకా ప్రతి శాతానికీ కోత ఉంటుంది, 12 దాటితే కొనరు. కూలీలు ఆటోల్లో పొద్దున్నే చేలోకి దిగుతారు, కూలి కిలో లెక్కన. మంచు ఆరకముందు తీసిన పత్తి బరువు తూగుతుంది గనుక కూలి పెరుగుతుంది, అదే తేమ కొనుగోలు కేంద్రంలో రైతు ధరను కోస్తుంది. ఇంటి ముందు పట్టాల మీద రెండు మూడు రోజులు ఎండబెట్టుకునే జాగా, ఓపిక, అప్పులవాడి నుంచి గడువు ఉన్నవారికే ఆ 8 శాతం అందుతుంది. 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను ప్రకాశం జిల్లాను కూడా తడిపేసింది. ఆ ఏడాది సీసీఐ కొత్తగా తెచ్చిన కపాస్ కిసాన్ యాప్‌లో ముందుగా పేరు, స్లాటు నమోదు చేసుకోవలసి రావడంతో అమ్మకానికి మరో మెట్టు చేరింది. ఈ మెట్లన్నీ ఎక్కలేనివాడు ఊళ్లోకి వచ్చిన వ్యాపారికే బోరాలు ఎత్తించాడు, అక్కడ నడిచింది మద్దతు ధర కాదు, సుంకం లేని దిగుమతి దూదితో పోటీపడే ధర.

అమెరికా రైతు పరిస్థితితో పోలిస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 2025 జూలైలో ఆ దేశం చేసిన చట్టం గింజతో కూడిన పత్తికి ప్రామాణిక ధరను పౌండుకు 36.7 సెంట్ల నుంచి 42 సెంట్లకు పెంచింది. డాలరుకు రూ.88 లెక్కన అది క్వింటాకు సుమారు రూ.8,150, అంటే మన పొడవు పింజ మద్దతు ధరకు అటూ ఇటూ. రెండు దేశాలూ పత్తికి దాదాపు ఒకే ధరను న్యాయమైనదిగా భావించాయన్నమాట. తేడా చెల్లింపు పద్ధతిలో ఉంది: అక్కడ రైతు సరుకును ఏ రేటుకు అమ్ముకున్నా, దేశవ్యాప్త సగటు ధర ప్రామాణికం కంటే తగ్గితే వ్యత్యాసంలో అధిక భాగాన్ని ఖజానా భర్తీ చేస్తుంది, ఇక్కడ రైతు తన పత్తిని ఒక గేటు దాటించి, తేమ మీటరును ఒప్పించి ఆ ధర రాబట్టుకోవాలి. అమెరికా పత్తి రాయితీలు ప్రపంచ ధరను అణచివేస్తున్నాయని బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో వేసిన కేసులో గెలిచి, చివరికి 2014లో 30 కోట్ల డాలర్లు తీసుకుని రాజీపడింది. 2025లో మన రేవుల్లో సుంకం లేకుండా దిగే అవకాశం ఆ రెండు దేశాల పత్తికీ దక్కడం చరిత్ర చమత్కారం.

ఈ నేలకు అమెరికా పత్తితో లంకె కొత్తదేమీ కాదు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉన్న కాలంలోనే (1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా అవి అక్కడివే), 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధం లాంకషైర్ మిల్లులకు దూది కరువు తెచ్చి మద్రాసు రాజధాని పత్తి ధరలను ఆకాశానికెత్తింది, యుద్ధం ముగియగానే కింద పడేసింది.

సుంకం తీయడమే తప్పనడం కూడా సరికాదు. 2022 ఏప్రిల్ 14న ఇదే సుంకాన్ని ఎత్తేసినప్పుడు దేశంలో ధరలు రికార్డు స్థాయిలో ఉన్నాయి, ఎక్కువమంది రైతుల చేతిలో సరుకు లేదు. ఆ మినహాయింపు మిల్లును కాపాడింది, చేను మీద దాని దెబ్బ స్వల్పం. 2025లో మారింది విధానం కాదు, క్యాలెండరు. వేసవిలో తలుపు తెరిచి దసరా నాటికి మూసే పద్ధతిని ముందుగానే ప్రకటిస్తే, ఓడ రావడానికి పట్టే నెల, నెలన్నరను లెక్కవేసుకుని మిల్లు కూడా ఒప్పందాలు చేసుకోగలదు.

అలా కాక దౌత్య అవసరం కోసం తీతల కాలంలోనే తలుపు తెరవక తప్పదనుకుంటే, ధర వ్యత్యాసాన్ని రైతు ఖాతాకు నేరుగా చెల్లించడం మిగిలిన మార్గం. మధ్యప్రదేశ్ 2017లో నూనెగింజలు, పప్పుధాన్యాలకు భావాంతర్ పేరుతో దాన్ని ప్రయత్నించింది. తేడా ఎలాగూ ప్రభుత్వం ఇస్తుందిలే అని వ్యాపారులు ధర దించారన్న విమర్శ అప్పుడు వచ్చింది. పత్తిలో ఆ చిక్కుకు మరొకటి తోడవుతుంది. అమెరికా చెల్లింపు ఆ ఏడాది ఎవరెంత వేశారన్న దాని మీద కాక పాత రికార్డుల్లో నమోదైన విస్తీర్ణం మీద లెక్కపడుతుంది. పశ్చిమ ప్రకాశంలో అదే పని పట్టాదారు పాసుపుస్తకం చూసి చేస్తే డబ్బు భూమి యజమానికి చేరుతుంది, కౌలు కట్టి, విత్తనం, మందు అప్పు తెచ్చి పత్తి పండించినవాడు పంట వివరాల ఈ-క్రాప్ నమోదులో తన పేరు లేనంతవరకు ఆ లెక్కలోకే రాడు.