యుద్ధాన్ని చదివిన సేనాని

1830లో బెర్లిన్ నగరంలో ఒక సేనాని తన రాతప్రతులను కట్టలుగా కట్టి, ముద్రలు వేసి భద్రపరిచాడు. ఏళ్ళ తరబడి దీక్షతో సాగించిన రచన అది. ఉద్యోగరీత్యా మరొకచోటికి వెళ్ళవలసి వచ్చింది; తీరిక దొరికినప్పుడు పూర్తిచేయవచ్చునని ఆయన ఆశించాడు. ఆ తీరిక రానేలేదు. 1831 నవంబరు 16న బ్రెస్లావ్ నగరంలో కలరా సోకి, 51వ ఏట కన్నుమూశాడు. కట్టలకు వేసిన ముద్రలు వేసినట్లే ఉన్నాయి.

ఆయన పేరు కార్ల్ ఫాన్ క్లౌజెవిట్స్. 1780లో ప్రష్యా రాజ్యంలోని బుర్గ్ పట్టణంలో జన్మించాడు. ఆడుకోవలసిన 12వ ఏటనే సైన్యంలో చేరాడు. 1801లో బెర్లిన్ యుద్ధ విద్యాలయంలో చేరి, షార్న్‌హోర్స్ట్ అనే మహోపాధ్యాయుని అభిమాన శిష్యుడయ్యాడు. 1806 అక్టోబరులో నెపోలియన్ సేనలు యేనా, ఔవర్‌ష్టెట్ రణరంగాలలో ప్రష్యాను ఒక్కరోజున చిత్తు చేశాయి. క్లౌజెవిట్స్ బందీ అయ్యాడు. 1812లో తన రాజు నెపోలియన్‌తో చేయి కలపగా, సహించలేక రష్యా సైన్యంలో చేరి పోరాడాడు. 1818లో మేజర్ జనరల్ హోదాతో బెర్లిన్ యుద్ధ విద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. అక్కడ లభించిన విరామమే ఆయన చేత కలం పట్టించింది.

కవాతులో ఆరితేరిన ప్రష్యా సైన్యం ఎందుకు ఓడింది? ఈ ప్రశ్న ఆయనను జీవితాంతం వెన్నాడింది. ఫ్రెంచి విప్లవం రాజకీయాలను మార్చింది. రాజుల వ్యవహారమైన యుద్ధం ప్రజల వ్యవహారమయింది. కనుక యుద్ధ స్వరూపాన్ని నిర్ణయించేది రాజకీయమే. యుద్ధం దాని చేతిలో పనిముట్టు మాత్రమే అని ఆయన తేల్చాడు. ప్రజల ఆవేశం, సేనాని ఎదుర్కొనే అనిశ్చితి, ప్రభుత్వ వివేకం: ఈ మూడింటి పొత్తే యుద్ధమన్నాడు. కాగితం మీది పథకం రణరంగంలో కుంటుపడడానికి కారణం చెబుతూ ‘ఘర్షణ’ అనే భావాన్ని ప్రతిపాదించాడు. ముహూర్తానికి ముందే చేరుతామని బయలుదేరిన పెళ్ళివారికి దారిలో వాగు పొంగుతుంది, ఎద్దు కుంటుతుంది, దారి తప్పుతుంది. ఏదీ పెద్ద విపత్తు కాదు. అన్నీ కలిస్తే ముహూర్తం దాటిపోతుంది. యుద్ధమూ అంతే.

భర్త మరణానంతరం మరీ ఫాన్ క్లౌజెవిట్స్ శోకాన్ని దిగమింగి ఆ కట్టలు విప్పింది. స్వయంగా పీఠిక రాసి, 1832 నుండి ‘యుద్ధాన్ని గురించి’ అనే ఆ గ్రంథాన్ని ప్రకటించింది. సైనిక గ్రంథానికి స్త్రీ పీఠిక రాయడం ఆనాడు సాహసమే. 1836లో ఆమె కూడా మరణించింది.

ఆ తరువాత ఒక విచిత్రం జరిగింది. సర్వసేనానికి మంత్రివర్గంలో స్థానం ఉండాలని క్లౌజెవిట్స్ రాశాడు. సేనాని నిర్ణయాలలో మంత్రులు పాలుపంచుకోవడానికే ఆ ఏర్పాటు. 1853లో వెలువడిన రెండవ ముద్రణలో ఆ వాక్యం మారింది. మంత్రుల నిర్ణయాలలో సేనాని పాలుపంచుకోవాలన్న అర్థం వచ్చింది! పనిముట్టు పనివాడికే సలహాదారు అయిందన్నమాట. తరతరాల జర్మన్ సైనికాధికారులు చదివింది ఈ మారిన పాఠమే. రెండు ప్రపంచ యుద్ధాలు ముగిసిన తరువాత, 1952లో గాని హాల్వెగ్ అనే పండితుడు మూలపాఠాన్ని పునరుద్ధరించలేదు.

క్లౌజెవిట్స్‌ను యుద్ధోన్మాదిగా భావించేవారు నేటికీ ఉన్నారు. కాని ఆయన అడగమన్నది ఒకే ప్రశ్న: ఈ యుద్ధంతో సాధించదలచినదేమిటి? కత్తి దూసేముందు ప్రతి ప్రభుత్వమూ, దానిని ఎన్నుకునే ప్రతి పౌరుడూ వేసుకోవలసిన ప్రశ్న అది.