అజ్ఞాన మెవరిది?

రసాయన కర్మాగారమొకటి తమ యూరి చెంత వెలయనున్నదని విని గ్రామస్థులు అభ్యంతరము చెప్పినప్పుడెల్ల, పెద్దలు చెప్పు సమాధానము ఒక్కటియే. ప్రజలకు శాస్త్రము తెలియదట, తెలియనందుననే భయపడుచున్నారట, కొంచెము బోధించినచో ఆ భయము దానంతట అదే తొలగునట! ఈ వాదము వినుటకు సొంపుగనే యున్నది. కాని సాక్ష్యమునకు నిలుచునా యని విచారించుట మా ధర్మము.

వారి పక్షమున చెప్పదగినది లేకపోలేదు. 2022లో మన దేశమున రహదారులపై మరణించినవారు 1,68,491 మంది. ప్రతిదినము ఆ రహదారిపైననే బండి నడుపువాడు, కర్మాగారపు గొట్టమును చూచి వణకుట వింత కాదా యని వారందురు. ఈ వింతను శాస్త్రజ్ఞులే విచారించియున్నారు. తాను కోరి తలకెత్తుకొనిన ప్రమాదము, ఇతరులు తనపై మోపిన ప్రమాదమునకు వేయిరెట్లున్నను మనుష్యుడు సహించునని 1969లో అమెరికా దేశీయుడగు చాన్సీ స్టార్ అంచనా వేసెను. సామాన్యులు మరణముల సంఖ్యను మాత్రమే లెక్కింపరనియు, ఆపద తమ యదుపులో నున్నదా, కంటికి కనబడునా, ఒక్కమారుగా ఎందరిని కబళించును అను సంగతులనుగూడ తూచి చూతురనియు 1987లో పాల్ స్లోవిక్ తెలిపెను. ఇది అజ్ఞానమా? కాదు, లోకజ్ఞానము. బండి నడుపువాని చేతిలో బ్రేకు కలదు. విషపు ట్యాంకు ప్రక్క నిదురించువాని చేతిలో నేమున్నది?

విశాఖపట్నము చేరువనున్న ఆర్.ఆర్. వెంకటాపురము కథ చూడుడు. 2020 మే 7వ తేది తెల్లవారుజామున, లాక్‌డౌన్ వలన పని నిలిచియున్న ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి ఊరిపై క్రమ్మెను. పండ్రెండుమంది మరణించిరి, వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. స్టైరీనును చల్లగా నుంచవలెను. లేనిచో తనలో తానే చర్య జరిగి వేడెక్కును. ఇది ఆ పరిశ్రమలో అందరెరిగిన పాఠమే. అయినను శీతలయంత్రమును రేయింబవళ్లు నడుపలేదనియు, ఉష్ణమాపకము ట్యాంకు అడుగుభాగమున మాత్రమే యున్నందున పైభాగపు వేడి తెలియరాలేదనియు, సైరను మ్రోగింపబడలేదనియు ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘమే తేల్చినది. తమ ట్యాంకులో వేడి యెంతయో తామెరుగనివారు లోపల నుండగా, అజ్ఞానులన్న బిరుదు మాత్రము గోడ వెలుపలివారికి దక్కవలెనా?

ఆనాటి రాత్రి మరల వాయువు వెలువడుచున్నదను వార్త పుట్టినది. దూరపు పేటలవారును పిల్లలనెత్తుకొని వీధుల వెంట పరుగులిడిరి. రెండవ ప్రమాద మేమియు లేదని అధికారులు చెప్పిరి. ఇది పుకారు వలని భయమే; మేము కాదనము. కాని ఆ పుకారునకు బలమిచ్చిన దెవరు? ముందటి రాత్రి మూగయైన సైరనే గదా! ఆపద వేళ నోరు విప్పనివాడు ఆపద లేదన్నప్పుడు మాత్రము నమ్ముమన్న నెట్లు నమ్ముదురు?

ఇది క్రొత్త పాఠమును గాదు. 1984 డిసెంబరు 2-3 తేదీల నడిమి రాత్రి భోపాలులో వేలకొలది ప్రజలను బలిగొనిన యూనియన్ కార్బైడు కర్మాగారమునందును, శీతలయంత్రము నెలల ముందే నిలిపివేయబడియుండెను. ఆపద రానున్నదని 1982లోనే రాజ్‌కుమార్ కేస్వానీ తన పత్రికలో హెచ్చరించెను. ఆయన మాట చెవినిడినవారు లేరు. ముఖమునకు తడిగుడ్డ కప్పుకొనుమను చిన్నమాటయైనను ఆ చుట్టుపట్ల బీదలకు ముందుగా నేర్పియుండలేదు.

ఆ ఘోరము తరువాత చట్టము మేల్కొన్నది. ప్రమాదకర పరిశ్రమ నడుపువాడు ఎంత జాగ్రత్త వహించితినని చెప్పుకొన్నను నష్టమునకు పూర్ణబాధ్యుడేయని 1986లో సుప్రీంకోర్టు, ఓలియం వాయువు వ్యాజ్యెమునందు తీర్పు చెప్పెను. 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు చేర్చిన 41-బి విభాగము, అపాయముల వివరములను పనివారికే గాక చుట్టుప్రక్కల ప్రజలకును తెలుపవలెనని శాసించెను. అనగా తెలిసికొను హక్కు ప్రజలకు ఎవరో దయతలచి యిచ్చిన భిక్షము కాదు. అయినను కర్మాగారముల నడుమ బ్రదుకు మన పల్లెలలో, ప్రక్కనున్న పదార్థము పేరేమో, సైరను కూసినచో ఏ దిక్కునకు పోవలెనో తెలిసిన యిండ్లెన్ని? 2024 ఆగస్టు 21న అచ్యుతాపురమున పదునేడుగురు, 2025 జూన్ 30న పాశమైలారమున నలుబదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. ఇన్ని చూచిన ప్రజలకు భయము లేకున్ననే ఆశ్చర్యపడవలెను.

మేము పరిశ్రమలకు విరోధులము గాము. మన యువకులకు పని వలెను, దేశమునకు మందులు వలెను, ఎరువులు వలెను. కాని ప్రాణము కంటె చవుకగా లభింపగల సరకేదియు లేదను లెక్క మాకు సమ్మతము గాదు. మేము కోరునవి స్వల్పము. ఏ కర్మాగారమున ఏ విషపదార్థ మెంత నిలువయున్నదో తెలుగున వ్రాసి పంచాయతీ కచేరీ గోడపై కట్టుడు. ఏటికి రెండుమారులైనను సైరను కూయించి, ఊరివారిచే తప్పించుకొను విధానమును అభ్యాసము చేయింపుడు. విచారణ సంఘముల నివేదికలను బీరువాలలో దాచక తెలుగున ప్రకటింపుడు. అపరాధులను శిక్షింపుడు.

ధైర్యము చెప్పుటకు నోరు చాలును; ధైర్యమునకు కారణము చూపుటకు పని వలెను. ముందుగా సైరను మ్రోగునని ఋజువు చేయుడు. ప్రజల భయమును గూర్చిన యుపన్యాసము లటుపిమ్మట విందుము.