నాయన ఏం చేస్తాడని అడిగే ఇంటర్వ్యూ

మా జొన్నగిరి మాదిగగేరి పిల్లోడొకడు బెంగుళూరులో ఏడేండ్లుగా వెబ్‌సైట్లు కట్టే పని చేస్తున్నాడు. వాళ్లమ్మ ఏటేటా గుంటూరు దిక్కు మిరపకోతకు పోయి ఫీజులు కట్టింది. ఇప్పుడు సీనియర్ డెవలపర్ ఇంటర్వ్యూ ఉందని ఊరికొచ్చి చర్చి అరుగు మీద చదువుతున్నాడు.

ఏం చదువుతావురా అంటే చెప్పినాడు. చిన్న ఉద్యోగానికైతే కోడు రాయిస్తారు. సీనియర్‌కు అంతటితో పోదు. లక్షమంది ఒక్కసారే సైటు తెరిస్తే సర్వర్ ఎట్లా తట్టుకుంటుంది, ఇండెక్స్ లేని డేటాబేసులో వెతుకులాట ఎందుకు నిదానం, దొంగ స్క్రిప్టు పేజీలోకి దూరకుండా ఏం చేస్తావు అని అడుగుతారు. ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. దొరకంది ఒకటుంది. 'నువ్వు తీసుకున్న నిర్ణయం చెప్పు, ఎక్కడ తప్పింది?' అంటే 'నేను చేసినాను' అని తలెత్తి చెప్పాల. మనోడు ప్రతిదానికీ 'మేము చేసినాము సార్' అంటాడు. అగ్రకులం పిల్లోడు అన్నం తింటూనే మామతో, చిన్నాయనతో ఈ మాటలు సాధన చేస్తాడు. దానికి ప్రతిభ అని పేరు!

పోయినసారి ఒక కంపెనీలో కోడంతా బాగా రాసినాక 'మీ నాయన ఏం చేస్తాడు, ఇంటిపేరేంది?' అన్నారంట. మళ్లీ ఫోను లేదు. ఆ ప్రశ్నకే ఉద్యోగం పోయిందని రుజువు చెయ్యలేం. అదే వాళ్ల బలం. అయితే 2007లో అచ్చయిన అధ్యయనంలో తోరట్, అటెవెల్ ఒకే చదువు, వేరే పేర్లు పెట్టి ప్రైవేటు కంపెనీలకు వేల దరఖాస్తులు పంపి చూసినారు. దళిత పేర్లకు పిలుపులు తక్కువొచ్చినాయి. అదే ఏడు అచ్చయిన ఇంకో అధ్యయనంలో జోధ్కా, న్యూమన్ మేనేజర్లను అడిగితే కుటుంబ నేపథ్యం చూస్తామని చాలామంది దాచుకోకుండానే చెప్పినారు.

రాజ్యాంగం 16(4) సర్కారు కొలువులకే. ప్రైవేటులో రిజర్వేషన్ కోసం కొట్లాడాల్సిందే. అది వచ్చేదాకా ఈ పిల్లోళ్ల సంగతేంది? భూమి, కూలి వదిలి కంప్యూటర్లేందని మన కార్యకర్తలే కొందరు ఎగతాళి చేస్తారు. అన్నా, కూలి డబ్బుతోనే గదా ఈ చదువు!

ఆదోని, ఎమ్మిగనూరు సంఘాలు ఏప్రిల్ 14న దండలేసి ఊరుకుంటే చాలదు. వారానికి రెండు గంటలు ఆఫీసు తెరవండి. హైదరాబాదు, బెంగుళూరులో కుదురుకున్న మనోళ్లు ఫోనులోనన్నా పిల్లోళ్లకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చెయ్యాల. నాయన సంగతి అడిగితే 'మా అమ్మ మిరప కోస్తాది. ఇంక నా పని గురించి అడగండి' అనడం కూడా ఆడే నేర్పాల.

వచ్చే బుధవారమే మా వాడి ఇంటర్వ్యూ. అరుగు మీద ప్రశ్నలడిగేది నేనే. సగం నాకు అర్థం కావు. 'మేము' అన్నప్పుడల్లా మాత్రం ఆపుతున్నా.