హెడర్ ఫైలంటే మంత్రం కాదండీ బాబూ!

మొన్న దసరాకి హన్మకొండలో ఇంట్లో ఉంటే ఆఫీసు నుంచి జూనియర్ ఫోను. "అన్నా, ఉబుంటు 18.04 తీసేసి కొత్తది ఎక్కించినం. మన లైబ్రరీ బిల్డ్ అయితలేదు. మేజర్, మైనర్ దొరకట్లేదంటుంది. జీలిబ్‌సీ వాళ్ళు చెప్పకుండనే తీసేసిన్రు."

చెప్పకుండానా? నాకు ఒళ్ళు మండింది.

డివైస్ నంబర్ని విడగొట్టే ఈ మాక్రోలు ఉండేది సిస్/సిస్‌మ్యాక్రోస్.హెచ్ లో. సిస్/టైప్స్.హెచ్ దాన్ని తనతో లాక్కొచ్చేది కాబట్టి మనకి ఊరికే దొరికేవి. పనిచేస్తున్నదాన్ని కదపడం ఎందుకంటారా? సీ ప్లస్ ప్లస్ లో ఎవడో పాపం వెర్షన్ నంబరు కోసం తన క్లాసులో మేజర్ అని పేరు పెట్టుకుంటాడు. వాడు పిలవని మాక్రో వచ్చి ఆ పేరుని పాడు చేస్తుంది. వాడి గోడు ఎవరు వినాలి? అందుకే 2017 లో 2.25 తో వార్నింగ్ మొదలుపెట్టి, 2018 ఆగస్టులో 2.28 తో తీసేశారు. ఏడాదిన్నర టైమిచ్చారు. ఉబుంటు 18.04 లో ఉన్నది 2.27. అంటే ఇన్నేళ్ళూ మన ప్రతి బిల్డ్ లోనూ ఆ వార్నింగ్ రావాలి కదా!

మేక్‌ఫైల్ తెరిచి చూశా. మైనస్ చిన్న డబ్ల్యూ. వార్నింగులన్నిటినీ నోర్మూసుకోమన్న మహానుభావుడెవరో మరి :)

కుర్రాణ్ణి అని లాభం లేదు. నేను చదివిందీ వరంగల్లోనే (కాలేజీ పేరెందుకు లెండి). ల్యాబ్‌లో డాస్‌బాక్స్, అందులో టర్బో సీ. ప్రతి ప్రోగ్రాం మొదట్లో కోనియో.హెచ్. ఎందుకు సార్ అనడిగితే "రాయి, లేకుంటే మార్కులు పోతయ్" అన్నారు. అది సీ స్టాండర్డ్‌లోనే లేదని ఉద్యోగంలో చేరాక తెలిసింది. అలా మంత్రంలా వల్లెవేసిన వాళ్ళమే ఇవ్వాళ లైబ్రరీలు రాస్తున్నాం. మా దాంట్లో కామన్.హెచ్ అని ఒకటుంది. ఎవరికి ఏది కావాలన్నా అందులో పడేస్తారు, తీసేవాడు లేడు. ఒక్క లైను మారిస్తే లైబ్రరీ మొత్తం మళ్ళీ కంపైల్. హెడర్ల చిక్కు తీయడానికి ఇంగో మోల్నార్ 2022 జనవరిలో లినక్స్ కెర్నెల్‌కి 2,200 కి పైగా ప్యాచులు పంపాడు. కొత్త ఫీచర్ ఒక్కటీ లేదు, అంతా శుభ్రం చేసే పనే. మన దగ్గర అప్రైజల్‌లో ఆ పని రాసుకుంటే మేనేజర్ నవ్వుతాడు.

కావలసిన ఫైళ్ళలో ఆ హెడర్ని నేరుగా ఇంక్లూడ్ చేయమన్నా. చిన్న డబ్ల్యూ కూడా తీసేసి బిల్డ్ చెయ్యరా అన్నా.

గంట తర్వాత మళ్ళీ ఫోను. "అన్నా, వార్నింగులు ఆగుతలేవు."