మునగాకు ఉపదేశము

ఫిలిప్పీన్స్ అప్పీళ్ల న్యాయస్థానము 2024 ఏప్రిల్ 17వ తేదీన వెలువరించిన ఉత్తర్వుతో, 2021లో ఆ దేశప్రభుత్వమే సాగునకు అనుమతించిన బంగారు బియ్యము (గింజలో విటమిన్ ఎగా మారు కెరొటిన్ ఉండునట్లు జన్యువులను మార్చిన వరి) మరల నిషిద్ధవస్తువైనది. నిరపాయకరమని శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము కుదరలేదు గావున ఆ వరిని నాటరాదని న్యాయమూర్తులు శాసించిరి. తమ ముందుంచిన పత్రములను బట్టి న్యాయస్థానము తీర్పు చెప్పును. ఆ తీర్పుతో మాకు విభేదమే గాని ఆగ్రహము లేదు. మా ఆగ్రహమంతయు, ఆ వ్యాజ్యమును నడిపిన పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్, రైతుసంఘము మసిపాగ్ పక్షములవారును వారి దేశదేశాంతర మిత్రులును ఏండ్ల తరబడి వినిపించుచున్న ఒక్క మాటపై. విటమిన్ ఎ లోపమునకు వరివిత్తును మార్చనక్కఱ లేదట. పిల్లలకు ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు వైవిధ్యముతో పెట్టిన చాలునట.

వినుటకు ఎంత ఇంపైన మాట! కూరలు వలదన్న వైద్యుడెవడు? ఆ వరిని సృష్టించిన ఇంగో పోట్రికుస్, పీటర్ బేయర్‌లు గాని, దానిని ఆసియా నేలలకు అలవాటు చేసిన లాస్ బాన్యోస్ వరి పరిశోధన సంస్థవారు గాని కూరలు మాని వట్టి అన్నము తినుడని యెవ్వరికిని బోధించియుండలేదు. ఎవ్వరును పలుకని మాటను ఎదుటివారి నోట పెట్టి, దానిని ఖండించి, విజయము ప్రకటించుకొనుట వాదములో చెల్లునేమో గాని, చూపు పోవుచున్న పసిబిడ్డల విషయమున అట్టి చమత్కారము క్షంతవ్యము కాదు.

ఫిలిప్పీన్స్ ప్రజలు మునగాకును ఎఱుగనివారు కారు. మలుంగాయ్ అని వారు పిలుచు ఆ ఆకును, పచ్చిబొప్పాయితోను కోడిమాంసముతోను కలిపి టినోలా అను పులుసు కాచుకొందురు. ఆకు పెరటిలో ఊరకే దొరకును. కోడి ఊరకే దొరకదు. కొవ్వు తోడులేనిదే ఆకులోని కెరొటిన్ పేగులనుండి రక్తములోనికి సరిగా చేరదన్న సంగతి ఉపదేశకులకు తెలియనిది కాదు. బంగారు బియ్యమునకును ఆ నియమమే వర్తించును; మేము దాచము. అయితే భేదమొకటి కలదు. తిన్న కెరొటిన్‌లో పండ్రెండు పాళ్లకు ఒక పాలు మాత్రమే దేహములో విటమిన్‌గా మారునని సాధారణాహారము విషయమున పోషకశాస్త్రజ్ఞులు లెక్కకట్టియుండగా, 2009లో ప్రకటితమైన ఒక పరిశీలనయందు పెద్దవారు తిన్న బంగారు బియ్యపు కెరొటిన్ నాలుగు పాళ్లకు ఒకటి చొప్పున మారినది. పిడికెడు అన్నము తిను పసివానికి ఈ లెక్క చిన్నది కాదు.

అంతదూరము పోనేల? ఆకుకూరలకు మన దేశమున ఎన్నడు కఱవు? తోటకూర మడి, మునగచెట్టు పల్లెలలో ఎవరికి కొత్త? అయినను దీపములు పెట్టు వేళకు గుమ్మము తడుముకొను రేచీకటి పిల్లలు వేలకువేలు ఉండిరి గనుకనే, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారి పరిశోధనల ఆధారముతో, ఆఱు మాసముల కొకమాఱు రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఎ ద్రవమును పసివారి నోట పోయు పథకమును కేంద్రప్రభుత్వము 1970లో ఆరంభింపవలసి వచ్చినది. ఆనాడు ఆ చెంచాడు మందును, మునగాకుండగా ఇది యెందులకని ఎవరైన త్రోసివేసియుండిన, ఎందఱి కన్నులు ఆరిపోయియుండునో! మందు పోసిన చేయియే ఆకుకూర వండుమని తల్లికి చెప్పినది. ఒకటి రెండవదానికి అడ్డు రాలేదు.

కంచములో ఏది ఉన్నదో దానినే బలపఱచుట అను సూత్రము ఈ ఉపదేశకులకు నచ్చనిదా యన్న, అదియు కాదు. మొజాంబిక్, ఉగాండాలలో తెల్ల చిలగడదుంపకు బదులు కెరొటిన్ నిండిన నారింజరంగు దుంపను వ్యాపింపజేసినవారికి 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చినపుడు, దుంప యేల, కూరలు తినరాదా యని లోకము నిలదీయలేదు. ఆ దుంపను సంకరము చేసి సాధింపవచ్చును. వరియందో, ఆకులో కెరొటిన్ ఉన్నను తెల్లని గింజలో ఉన్న రకమొక్కటియు లేదు. మొక్కజొన్ననుండి ఒక జన్యువును, ఒక బాక్టీరియానుండి మఱియొకదానిని తెచ్చి చేర్చినగాని గింజకు పసుపువన్నె రాదు. కాబట్టి వీరి అభ్యంతరము జన్యుమార్పిడిపై. అదియే స్పష్టముగా చెప్పుకొనుడు, వాదింతము. దానిని కూరగాయల బుట్ట క్రింద దాచుట యేల?

ప్రతిపక్షపు మాటలలో బలమైనవి లేకపోలేదు: నిలువయుంచిన బియ్యములో కెరొటిన్ తగ్గును, తమ దేశస్థులు తిను కొద్దిపాటి బియ్యమునకు ఇది పోషకమని చెప్పుకొనదగినంత కాదని అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అన్నది. అయితే పరీక్షలు చాలలేదనువారు, 2013లో బికోల్ ప్రాంతమున పరీక్షకై పెంచిన మడిలో నిరసనకారులు చొరబడి పైరును పెఱికివేసిన సంగతిని కూడ జ్ఞప్తియందుంచుకొందురు గాక. ఆస్ట్రేలియా, న్యూజిలాండు, కెనడా, అమెరికా, తుదకు ఫిలిప్పీన్స్ ఆహారరక్షణాధికారులు 2017 మొదలు 2019 లోపల ఈ బియ్యము తినుటకు నిరపాయకరమనియే తేల్చిరి.

విటమిన్ ఎ లోపముచే ఏటేట రెండున్నర లక్షలనుండి ఐదు లక్షల వఱకు బిడ్డలు అంధులగుదురనియు, వారిలో సగముమంది చూపుపోయిన యేడాదిలోపుననే మరణింతురనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చిరకాలముగా చెప్పుచున్న అంచనా. ఈ వరి ఒక్కటే వారినందఱిని కాపాడునని మేమనము. చిన్నపిల్లల సగటు అవసరములో సగము వఱకు తీర్చగలదని దానిని పెంచినవారి అంచనా, అంతే. ఆ సగమును వలదనుటకు కారణము కావలెను. ఆ నిషేధము తొలగవలెను. తొలగరాదనువారు, తాము సెలవిచ్చిన కూరలను, పండ్లను, వానికి తోడు కావలసిన చెంచాడు నూనెను ఆ ద్వీపములలోని పేదయింటి కంచములోనికి ఎవరు, ఎవరి ఖర్చుతో, ఏ తేదీనాటికి చేర్చెదరో వ్రాసియిత్తురు గాక.